రేవు తొక్కొద్దనలేదుగా

మా మామయ్య ఉద్యోగమంతా కలిపి చేసింది ఒక్కటే పని. ఒక ఇనప చక్రం తిప్పాడు. బట్టల మిల్లులో అద్దకం షెడ్డు వెనక, ఏటి గట్టున తూము ఉండేది. చక్రం అటు తిప్పితే తూము తలుపు లేచి, రంగుతొట్లలో వాడేసిన నీళ్ళు ఏట్లో కలిసేవి. ఇటు తిప్పితే ఆగేవి. మీసం మొలిచిన కొత్తల్లో ఆ చక్రం పట్టుకున్నవాడు జుట్టంతా నెరిశాక, మిల్లు మూతపడ్డ రోజున వదిలాడు. మిల్లు కాలనీలో అందరూ ఆయన్ని ‘తూము పెద్దాయన’ అనేవాళ్ళు. మా అమ్మకి ఆయన ఒక్కగానొక్క అన్నయ్య. ఆయనతో అమ్మ మాట్లాడటం మానేసి చాలా ఏళ్ళయింది.

ఎందుకో చెప్పేస్తాను, దాచడానికేముంది. తొట్లలో నీళ్ళకి సున్నం కలిపి, తేరిన తర్వాతే వదలాలి. అది గోడ మీద రాసిపెట్టిన రూలు. గోడ మీద లేని రూలు ఇంకోటుండేది. వాన మొదలవగానే తూము ఎత్తెయ్యాలి. వానకి ఏరు ఎలాగూ మట్టిరంగులో పారుతుంది, అందులో మిల్లు రంగు ఎవడికి కనిపించి చచ్చింది? మేనేజరు నోరు విప్పి చెప్పేవాడు కూడా కాదట. ఆకాశం వైపు ఒకసారి చూసి, మామయ్య వైపు ఒకసారి చూసేవాడట. మామయ్యకి అర్థమైపోయేది. ఎంత తెలివైనవాడో!

మిగతా రోజుల్లో ఏరు అద్దంలా ఉండేది. దిగువన రేవు దగ్గరుండే మా వీధివాళ్ళం ఆ అద్దాన్ని చూసి మురిసిపోయి బిందెలు ముంచుకునేవాళ్ళం. వానాకాలం నీళ్ళయితే తేర్చుకుని తాగేవాళ్ళం. మట్టి అడుక్కి దిగేది కదా, ఇంకేం, మంచినీళ్ళే అనుకునేవాళ్ళం.

మా చెల్లి బుజ్జి బడి ముఖం చూడకుండానే పోయింది. ఒళ్ళంతా పచ్చబడి, కడుపు ఉబ్బి, చివరికి నవ్వడానికి కూడా ఓపిక లేకుండా పోయింది. నీళ్ళ వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు. కాదని కూడా రాసివ్వలేదు. మిల్లు మూతపడ్డాక, షెడ్డులో పనిచేసినావిడ ఒకామె ఊసుపోక కబుర్లాడుతూ వాన సంగతి అమ్మ చెవిన వేసింది. ఆవిడకది నవ్వులాట. అమ్మ ఆ మధ్యాహ్నమే కాలనీకి నడిచి వెళ్ళి, మామయ్య ఇంటి ముందు నిలబడి, నలుగురూ వినేలా అంది: “ఇంకోసారి నా గుమ్మం తొక్కావంటే మర్యాద దక్కదు!” మామయ్య నీళ్ళు నమిలాడు తప్ప, కాదని ఒక్క ముక్క అనలేదు.

మొన్న ఎండాకాలం ఆ మామయ్య మా ఇంటికొచ్చాడు. నాకు పెళ్ళయి వేరే ఇల్లయింది గనక నా గుమ్మం తొక్కడానికి ఆయనకి అడ్డులేదు. రావద్దనడానికి నాకు నోరు రాదు. నన్ను కోడలిగా చేసుకోకపోయినా మేనమామ మేనమామే కదా, చిన్నప్పుడు భుజాల మీద తిప్పినవాడు.

“ఏమే కోడలా, పడవెక్కడమంటే నీకు భయమా?” అన్నాడు కూర్చుంటూనే.

“ఎందుకు, ముంచుతావా?”

“ఏటి మీద వెళ్దామే. మీ అమ్మ వాళ్ళ రేవు దాకా.”

“గుమ్మం తొక్కొద్దందిగా అమ్మ.”

“గుమ్మం తొక్కొద్దంది. రేవు తొక్కొద్దనలేదుగా!”

ఏ వకీలుకీ తట్టని పాయింటు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆయన మాత్రం నవ్వలేదు.

“నేను చెప్తే నమ్మదే. ఏరు బాగుపడింది. ఆ నీళ్ళ మీదే వస్తే కళ్ళతో చూస్తుంది. ఒక్కసారి నాతో మాట్లాడితే చాలు. తిట్టినా సరే. ఆయాసం ఎక్కువవుతోంది నాకు, ఇంక ఎన్నాళ్ళని చూస్తాను?”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అప్పటి నుంచి మా భోజనాల బల్ల మీద ఏరు పారడం మొదలైంది. చెంచాలు పేర్చి వంపులన్నాడు, ఉప్పుడబ్బా పెట్టి మిల్లన్నాడు. ఇక్కడ చిన్న ఆనకట్ట, దిగి దోనెని గట్టు మీదుగా మోసుకెళ్ళాలన్నాడు. ఇక్కడ ఇసుకమేట, కాసేపు ఆయాసం తీర్చుకోవచ్చన్నాడు. కూర వడ్డిద్దామంటే చెంచా లేదు, తీస్తే వంతెన పోతుందట! పైగా ఏరేమన్నా పెద్ద పోటెత్తేదా? ముసలావిడ గుడ్డలారేసుకున్నంత నింపాదిగా పారుతుంది. దానికింత హడావిడి. కానీ చెంచాలు సర్దే ఆ చేతులు చూస్తే విసుక్కోవడానికి మనసొప్పేది కాదు.

దోనె అద్దెకి మాట్లాడటానికి ఇద్దరం వెళ్ళాం. ఆ షాపు ఇంకెక్కడో కాదు, మిల్లులో బేళ్ళు దించే పాత రేవులోనే. మిల్లు ఇప్పుడు హోటలైంది. షాపువాడు దాన్ని కెనూ అన్నాడు, మామయ్య దోనె అన్నాడు, ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు దిద్దుకున్నారు. తూము చక్రానికి ఎర్రరంగు కొట్టి, చుట్టూ పూలకుండీలు పెట్టి ఉంచారు. మామయ్య వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు. ఫోటో దిగుతున్న కొత్తజంటలో కుర్రాడు “తాతగారూ, కొంచెం పక్కకి జరగండి, అడ్డొస్తున్నారు” అన్నాడు. జరిగాడు. చక్రం ముందు ఆ పిల్ల ముద్దుగా మూతి సున్నాలా చుట్టి ఫోటో దిగింది. నాకు ఏడవాలో ఆ కుండీలు తన్నాలో తెలియలేదు.

అమ్మకి కబురు నేనే మోశాను. మడతపెడుతున్న దుప్పటి ఆపలేదు ఆవిడ.

“రేవేమన్నా నా బాబు కట్టించాడా? ఎవడైనా రావచ్చు” అంది.

అమ్మ నోట అది దాదాపు పిలుపు కిందే లెక్క. మామయ్యకి చెబితే అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. క్షవరం చేయించుకున్నాడు. చొక్కా ఇస్త్రీకిచ్చాడు. కానీ ప్రయాణం మాత్రం సాగదు! మబ్బు తునక కనిపిస్తే చాలు, “వద్దే, వానొస్తుందేమో” అనేవాడు. అలా వాయిదా మీద వాయిదా వేస్తుంటే ఒకరోజు నాకు తిక్క రేగింది.

“ఒకప్పుడు వానెప్పుడొస్తుందా అని ఎదురు చూసేవాడివి కదా మామయ్యా?” అన్నాను.

ఆయన బల్ల మీది చెంచాలన్నీ ఏరి, కడిగి, స్టాండులో పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడే బయల్దేరదామని ఫోను చేశాడు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. నారింజరంగు లైఫ్ జాకెట్‌లో మామయ్య ముందు కూర్చున్నాడు, నేను వెనక. తెడ్డు వెయ్యనిచ్చానే గానీ భారమంతా నామీదే పడింది. అబద్ధమెందుకు, ఏరు అందంగానే ఉంది. అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి, చేపపిల్లలు గుంపులుగా పోతున్నాయి. “చూడవే, చూడవే!” అంటూ చేపల్ని తానే పెంచినట్టు చూపించాడు. ఆనకట్ట దగ్గర షాపువాళ్ళ మనిషి దోనె మోయడానికి సాయం పట్టాడు. రేవు దగ్గరయ్యేకొద్దీ మామయ్యకి చొక్కా కాలరు సర్దుకోవడమే పని.

అమ్మ రేవు చివరి మెట్టు మీద నిలబడి ఉంది. దోనెని మెట్టుకి ఆనించాను. మామయ్య దిగలేదు. దిగమనలేదు ఆవిడ.

“ఏరు బాగుపడిందమ్మా,” అన్నాడు కూర్చునే. “చేపలొచ్చాయి. పిల్లలు ఈదుతున్నారు. కాలుష్యం ఆఫీసువాళ్ళు నీళ్ళు మంచివేనని బోర్డు కూడా పెట్టారు, చూశావా?”

“అన్నయ్యా” అంది అమ్మ.

ఆ పిలుపు విని ఆయన మొహం వెలిగిపోయింది. నేను కూడా, హమ్మయ్య, ఇక పర్లేదనుకున్నాను.

“మా ఇంటికొచ్చినప్పుడల్లా మంచినీళ్ళిస్తే వద్దనేవాడివి. ఇప్పుడే తాగొచ్చానమ్మా అనేవాడివి. నేను మొహమాటమనుకునేదాన్ని.”

నిజమే. గ్లాసు తెచ్చిచ్చేది నేనే. ఆయన వద్దన్నాక ఆ గ్లాసు కోసం బుజ్జి ఎగబడేది. చాలాసార్లు అదే గటగటా తాగేసేది, ఆయన ముందే.

“బాగుపడిందన్నావుగా,” అంది అమ్మ. “తాగు.”

“తాగుతానమ్మా, ఎందుకు తాగను!” అని మామయ్య గబగబా వంగి దోసిలి ముంచాడు. ముంచి, నోటి దగ్గరికి తీసుకోలేదు. దోసిలి కంటి ఎత్తుకి లేపి, వేళ్ళ సందుల్లోంచి కారుతున్న ధారని ఎండకి పట్టి చూశాడు. అద్దకం షెడ్డులో పనిచేసినవాళ్ళంతా అంతే, ఏ నీళ్ళు పట్టుకున్నా ముందు రంగుందేమోనని వెలుతురుకి పెట్టి చూస్తారు. ఒట్టు, ఆయన కావాలని చెయ్యలేదు. అలవాటైన చెయ్యి దాని పని అది చేసింది.

అమ్మ చూసింది.

“చూసుకుంటున్నావా?” అంది. గొంతు పెంచలేదు. “చూసుకో అన్నయ్యా. చూసుకుని తాగమని దానికి మాత్రం చెప్పలేకపోయావు.”

వెనుదిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది. అప్పుడు తాగాడు మామయ్య. చేతిలో మిగిలింది తాగి, మళ్ళీ ముంచుకుని తాగి, పొలమారి, దగ్గుతూనే “తాగానమ్మా! ఇటు చూడు, తాగాను!” అని అరిచాడు. అమ్మ వెనక్కి తిరగలేదు. పైన తలుపు గడియ పడింది.

ఆయన ఇస్త్రీ చొక్కా అంతా తడిసిపోయింది. చాలాసేపు ఆ మెట్ల వైపే చూసి, మెల్లగా నావైపు తిరిగాడు.

“మాట్లాడింది కదే” అన్నాడు.

దోనెని గట్టు నుంచి నెట్టి, ఎదురునీట్లోకి తిప్పాను.