ముత్తవ్వ కనని కల

మా మనవరాలి కొడుక్కి పదకొండో నెలలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, అదే రోజు చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టారు. ఆ సంగతి నాకు ఫోనులో తెలిసింది ఒక సోమవారం. నేను నోరు విప్పింది ఆ పై వారం బుధవారం. మధ్యలో తొమ్మిది రోజులు మాట్లాడకుండా ఉన్నాను. డెబ్బై తొమ్మిదేళ్ల బతుకులో నేను చేసిన తప్పుల్లో ఇది పెద్దది. అందుకే తప్పు ఎన్ని రోజులదో ముందే రాస్తున్నాను.

ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే మా ముత్తవ్వ దగ్గర మొదలుపెట్టాలి. ఆమె మా అమ్మకు అమ్మమ్మ. మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది కాబట్టి ముత్తవ్వ మా ఇంట్లోనే ఉండేది. కార్వేటినగరానికి మూడు మైళ్ల దూరంలో మా ఊరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆమెకు ఎనభై రెండు. ఆ లెక్క ఆమె చెప్పిందే. చదువు రాదు, సంతకం రాదు, కానీ లెక్క తప్పదు.

ఆమె దగ్గర రెండు చిన్న మట్టి పిడతలు ఉండేవి. రెండింట్లోనూ చింతగింజలు. ఒకటి కొడుకు వైపు వంశానికి, ఒకటి కూతుళ్ల వైపుకు. బిడ్డ పుడితే ఒక గింజ వేసేది. బిడ్డ పోతే ఆ గింజను తీసి రుబ్బురోలు అంచు మీద ఒక పక్క తెల్లగా అరగదీసి మళ్లీ పిడతలో వేసేది. మగబిడ్డవి పెద్ద గింజలు, ఆడబిడ్డవి చిన్నవి. నేను కూడికలు నేర్చుకున్నది ఆ గింజల మీదే. కొడుకు పిడతలో తెల్లగింజలు రెండే ఉండేవి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కూతుళ్ల పిడతలో చాలా ఉండేవి. వాటిలో చిన్నగింజ ఒక్కటంటే ఒక్కటే, మా అమ్మమ్మది. అది ఎందుకని ఆ వయసులో నేను అడగలేదు.

ముత్తవ్వకు పదిహేనో ఏట మొదటి కాన్పు. మొత్తం ఏడు కాన్పులు, నలుగురు మగ, ముగ్గురు ఆడ. మగపిల్లల్లో ముగ్గురు పోయారు. మొదటివాడికి ఏడాది నిండాక చెవులు కుట్టించారు. నెత్తురు ఆగక నాలుగో రోజు పోయాడు. రెండోవాడు గడప తట్టుకుని పడితే మోకాలు గుమ్మడికాయంత అయింది. మూడోవాడికి పాలపన్ను ఊడింది, అంతే. ముత్తాత దుక్కి దున్నుతూ పామును చంపాడని, ఆ పాపమే ఇదని ఊరంతా అన్నారు. పుట్టకు పాలు పోశారు. నాగప్రతిష్ఠ చేశారు. తర్వాత ముత్తవ్వ పెద్దకూతురికి పుట్టిన మగబిడ్డ కూడా అట్లాగే పోయాడు. ఆ కూతురిది వేరే ఇల్లు, వేరే వంశం. ఆ ఇంట్లో పామును చంపినవాళ్లు లేరు.

అప్పుడు ముత్తవ్వ గింజల్ని రెండు పిడతలుగా విడదీసింది, తన పోయిన ముగ్గురు మగపిల్లలవీ కూతుళ్ల పిడతలోనే వేసింది. బతికిన కొడుకు పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు, కొడవలి కోసుకుంటున్నారు, ఏమీ కావడం లేదు. కూతుళ్ల కడుపున పుట్టిన మగవాళ్లకే చేటు. అది పాము నుంచి రావడం లేదు, తన నుంచి, తన కూతుళ్ల నుంచి వస్తోంది. నలభై మూడేళ్ల ఆడమనిషి, పాఠశాల గడప ఎక్కనిది, చింతగింజలతో అంతదాకా వచ్చింది. ఆ మాట బయటికి చెబితే ముగ్గురు కూతుళ్లనూ అత్తవారిళ్ల నుంచి తరిమేస్తారు.

కాబట్టి ఆమె ఒక కల కన్నానని చెప్పింది. గంగమ్మ కలలోకి వచ్చిందట. ఈ ఇంటి ఆడబిడ్డలకు పుట్టిన మగపిల్లలకు ఏడేళ్లు నిండేదాకా ఒంటి మీద కత్తి, సూది తగలకూడదని మొక్కు అడిగిందట. అందరూ చేతులు జోడించారు. ఆడదాని భయాన్ని వినని మగవాళ్లు అమ్మవారి మాట విన్నారు. ఆ మొక్కు ముప్పై తొమ్మిదేళ్లు నడిచింది. ఆ కాలంలో కూతుళ్ల వైపు తొమ్మిదిమంది మగపిల్లలు పుట్టారు. ఏడేళ్ల లోపల ఒక్కడూ పోలేదు.

పదోవాడు నా తమ్ముడు.

వాడికి ఏడాదిన్నర వచ్చేసరికి మా నాయనకు చిరాకు మొదలైంది. చెవులు కుట్టని, జుట్టు తీయని మగపిల్లాణ్ణి చూసి ఊళ్లోవాళ్లు ఆడపిల్ల అనేవాళ్లు. ఒక జాతర నాడు నాయన వెండితో చిన్న చెవుల జత చేయించి గంగమ్మ హుండీలో వేసి వచ్చాడు. మొక్కు తీర్చేశానన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే చెవులు కుట్టే కంసాలి ఆచారిని పిలిపించాడు. ఆచారి బంగారు తీగ సానబెడుతుంటే ముత్తవ్వ వసారాలో అడ్డంగా నిలబడింది.

"ఒద్దు నాయనా, నా మాట ఇను. ఇంగ ఐదున్నరేండ్లు ఆగు."

"అవ్వా, అమ్మోరికి వెండి సెవులిచ్చి వచ్చినాను. ఇంగ ఆమెకు మనతో పనేముండాది?"

"అమ్మోరు అడగలా. నాకు కలా రాలేదు, గిలా రాలేదు. నేనే కల్పించి సెప్పినాను."

ఆచారి చేయి ఆగింది. మా అమ్మ తమ్ముణ్ణి ఎదకు హత్తుకుంది. నాయన మాత్రం గట్టిగా నవ్వాడు.

"సరిపోయింది పో! కల నిజమైతే మొక్కు తీర్చేసినాను. అబద్ధమైతే తీర్చే పనే లేదు. ఎట్ల సూసినా కుట్టించొచ్చు. ముప్పై తొమ్మిదేండ్లు మా అందరి నెత్తినా టోపీ పెట్టినావు గదే అవ్వా!"

ముత్తవ్వ లోపలికి పోయి కూతుళ్ల పిడత తెచ్చి తెల్లగింజలు నేల మీద పోసింది. "ఇవి సూడు. ఇవి సూడు నాయనా" అంది. నాయన చూశాడు. ఆయనకు అవి చింతగింజలు.

తమ్ముడు ఏడ్చాడు, బెల్లం నోట్లో పెడితే ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి దిండు తడిసింది. పసుపు అద్దారు, కాఫీపొడి అద్దారు, సున్నం పెట్టారు. చుక్క ఆగేది, గడ్డ ఊడేది, మళ్లీ చుక్క. ధారగా కారలేదు, అందుకే ఎవరికీ తొందర పుట్టలేదు. నేను వాడి పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టాను. మూడో రోజు వాడి పెదాలు గోడ సున్నం రంగుకు వచ్చాయి. బండి కట్టారు గానీ పుత్తూరు ఆసుపత్రి దాకా పోనే లేదు, దారిలోనే వెనక్కి తిప్పారు.

ఆ సాయంత్రం వంటింట్లోంచి గరగరమని చప్పుడు వచ్చింది. ముత్తవ్వ రుబ్బురోలు అంచు మీద గింజను అరగదీస్తోంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసి, "నువ్వు గూడా ఆడబిడ్డవే గదమ్మే" అంది. ఆ ఏడాదే పోయింది. ఆ మాట అర్థం కావడానికి నాకు పెళ్లి దాకా పట్టింది.

అర్థమయ్యాక నేను చేసింది భయపడడం. నాకు కాన్పు ఒక్కటే, ఆడపిల్ల. అందరూ జాలిపడ్డారు, నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి వదిలాను. నా కూతురికీ ఒక్కటే, ఆడపిల్ల. తమ్ముడు పోయాక డెబ్బై ఏళ్లు మా వరుసలో మగబిడ్డ పుట్టలేదు. ఒక కాగితం మీద అన్ని పుట్టుకలూ చావులూ రాసి పెట్టుకున్నాను, గింజల ప్రకారం. బీరువాలో చీరల కింద పెట్టాను. స్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, మనవరాలి పెళ్లిలో ఆ కాగితం తీయలేదు. ఒకవేళ ఆగిపోయిందేమో అనుకున్నాను. కాదు, సంబంధం తప్పిపోతుందనుకున్నాను.

పిల్లవాడు పుట్టాక వాడి ఒళ్లు చూస్తూనే ఉన్నాను. తొమ్మిదో నెలలో పక్కటెముకల మీద నాలుగు నీలం మచ్చలు కనిపించాయి, ఎత్తుకున్న వేళ్ల గుర్తుల్లాగా. "గట్టిగా పట్టుకున్నానేమో అవ్వా" అంది మనవరాలు. మా తమ్ముడికి కూడా సరిగ్గా అక్కడే ఉండేవి.

ఆ తొమ్మిది రోజులూ నాకు ఒకటే ఆలోచన. నాకూ కల వచ్చిందని చెబితే? పిల్ల కాపురానికి మాట రాదు, పిల్లవాడు బతుకుతాడు. ముత్తవ్వ దారి తెరిచే ఉంది. ఎనిమిదో రోజు నాయన నవ్వు గుర్తొచ్చింది. తొమ్మిదో రోజు కాగితం తీసుకుని తిరుపతిలో మనవరాలి ఇంటికి వెళ్లాను.

తలుపు తీసింది మనవరాలి అత్త. నోరు కొంచెం పెద్దది, చేయీ పెద్దదే.

"ఏం పెద్దమ్మా, కాగితాలు ఎత్తుకోని వచ్చినారు? రిటైరైనా పరీక్ష పెట్టకుండా ఉండలేరా?"

కూర్చోబెట్టి అంతా చెప్పాను. కాగితం బల్ల మీద పరిచి ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చూపించాను. మనవరాలు పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకుంది, పట్టుకోవడానికే భయపడుతూ. అత్త కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"పెళ్లిసూపులప్పుడు ఈ కాగితం యాడ పెట్టినారు పెద్దమ్మా?"

"బీరువాలో" అన్నాను.

"ఇంటి మొక్కేమన్నా బాకీ ఉంటే సెప్పండి, రేపే తీర్చేద్దాం. దానికి రోగమని పేరు పెట్టి బిడ్డ నెత్తిన రుద్దేది ఎందుకు?"

డెబ్బై ఒక్క ఏళ్ల తర్వాత అత్త ఆ మొక్కు వాకిలే తెరిచి నన్ను లోపలికి రమ్మంటోంది. అవునంటే చాలు, ఈ క్షణం గడిచిపోతుంది.

"మొక్కు కాదమ్మా. మొక్కైతే తీరిపోతుంది. ఇది తీరేది కాదు" అన్నాను.

మరుసటి రోజు పిల్లల డాక్టరు దగ్గరికి నలుగురమూ వెళ్లాము. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "తల్లుల వైపు నుంచి మగపిల్లలకు వచ్చేదే. ఇది తేల్చిందెవరు?" అని అడిగాడు. మా ముత్తవ్వ, చింతగింజలతో అన్నాను. ఆయన నవ్వలేదు. పరీక్షకు నెత్తురు తీశారు. సూది తీసిన చోట నర్సు దూది నొక్కి పట్టుకుంది. నేను గోడ గడియారం చూశాను. ఐదు నిమిషాలు. పది. దూది మార్చారు. అత్త నా చేయి పట్టుకుంది. ఆమెకు తెలియకుండానే పట్టుకుని ఉంటుంది. ఇరవై రెండో నిమిషానికి ఆగింది. ఫలితం వచ్చేదాకా ఆగాల్సిన పని నాకు లేకపోయింది.

ఆరో రోజు వచ్చింది. హీమోఫీలియా. నెత్తురు గడ్డకట్టే గుణం వాడి ఒంట్లో దాదాపు లేదు. ఇంజెక్షన్లు ఉన్నాయి, వాటితో పెరుగుతారు, చదువుకుంటారు అన్నాడు డాక్టరు. ముత్తవ్వ కాలంలో అవి లేవు. ఆమె దగ్గర ఉన్నది ఒక్క అబద్ధం.

ముహూర్తం మాత్రం మార్చలేదు. కొండ మీద కల్యాణకట్టలో అత్తే ముందుకు వెళ్లి, క్షురకుడు బ్లేడు తీయబోతుంటే ఆపింది. "బ్లేడు ఒద్దు నాయనా. ఆడోళ్లకు ఇచ్చినట్ల మూడు కత్తెర్లు ఇయ్యి, సాలు." పక్కన ఎవరో మగపిల్లాడికి మూడు కత్తెర్లేమిటని అడిగారు. "ఎన్ని ఎంటికలు ఇచ్చినామని సామి లెక్క పెట్టుకుంటాడా? ఆయనేమన్నా మా పెద్దమ్మా!" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కత్తెర వాడి చెవి పక్కన కదిలిన మూడుసార్లూ నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. చెవులు కుట్టించలేదు.

పాతింట్లోంచి ముత్తవ్వ పిడతల్లో కూతుళ్లది నా దగ్గరికే వచ్చింది. వాడి పెద్దగింజ అందులో వేశాను. వాడిప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇల్లంతా మెత్తని చాపలు పరిచారు, బల్లల మూలలకు రబ్బరు తొడిగారు. పోయిన ఆదివారం నేను ఉన్నంతసేపట్లో పదకొండుసార్లు పడ్డాడు. పడిన ప్రతిసారీ లేచి, చప్పట్లు కొట్టమని మావైపు చూశాడు. కొట్టాము.