కూలి చీటీ

నేను జనగామకు కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో అత్త లేదు. ఆమె నా పెళ్ళికి చాలా ముందే పోయింది. ఆ లోటు తీర్చడానికి ఒక ఆట ఉంది. అత్త అయితే మధ్యాహ్నం కాసేపైనా కునుకు తీసేది. ఆట మాత్రం ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుందంటే పొద్దుగూకేదాకా నాతో చాయ్ పెట్టించుకునేది.

ఆట పుట్టింది అరవై తొమ్మిదిలో. ప్రత్యేక తెలంగాణ కావాలని ఆ ఏడు ఉద్యోగులు సమ్మె చేశారు, బళ్ళూ కాలేజీలూ మూతపడ్డాయి. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో మా పుట్టింట్లో, పరీక్షలు జరగక నా చదువులో ఒక సంవత్సరం పోయిందని నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఇక్కడ మా ఆయన, ఆయన స్నేహితులు ఆఫీసులు లేక అరుగు మీద పచ్చీసు ఆడుతూ కూర్చున్నారట. మా ఆయన తహసీలు ఆఫీసులో గుమాస్తా. ఊరేగింపులో లాఠీ దెబ్బ తగిలిందని మోకాలి మీద మచ్చ చూపిస్తాడు. అది స్టేషను రోడ్డు మోరీలో జారిపడితే అయిన మచ్చ అని పెళ్ళయిన వారంలోనే మా ఆడబిడ్డ నాకు చెప్పింది. నేను ఆ సంగతి తెలియనట్టే ఉండేదాన్ని. అవసరానికి పనికొస్తుందని దాచుకున్నాను.

ఉద్యమం చల్లారింది, ఆఫీసులు తెరిచారు, ఆట మిగిలింది. ఉత్త పచ్చీసు వాళ్ళకు చప్పబడింది. రాజ్యాన్ని మార్చలేకపోయిన చేతులు పచ్చీసు రూళ్ళను మార్చడం మొదలుపెట్టాయి. ఆట మొదట్లో ఐదుగురూ ఐదు చీటీలు తీయాలి. దొర, పట్వారీ, ఠాణేదారు, లీడరు, కూలి. ఎవరికి ఏ చీటీ వస్తే సాయంత్రం దాకా వాడు అదే, మాట కూడా అట్లాగే మాట్లాడాలి. గవ్వలు వేసేది కూలి ఒక్కడే. వెల్లకిలా పడిన గవ్వలను బట్టి చింతగింజలు వస్తాయి, అదే పంట. అందులో దొర తన భాగం తీసుకుంటాడు. పట్వారీ రాసినందుకు తీసుకుంటాడు. ఠాణేదారు చూసినందుకు, లీడరు మాట్లాడినందుకు తీసుకుంటారు. గింజలు తీసుకున్నవాళ్ళ కాయలు పచ్చీసు గళ్ళ గుడ్డ మీద ముందుకు జరుగుతాయి. మిగిలినవాటితో కూలి జరగాలి. మామూలుగా ఏమీ మిగలదు కాబట్టి కూలి ఉన్నచోటనే ఉంటాడు.

ఈ రూళ్ళకు కర్త మా ఆయన స్నేహితుల్లో ఒక కాలేజీ లెక్చరరు. కూలీల కష్టాల గురించి మొదలుపెడితే ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయేది, నేను మళ్ళీ వేడి చేసి ఇవ్వాల్సి వచ్చేది. రెండో ఆయన నర్మెట్ట దిక్కు పటేలు గారి కొడుకు. చూపు ఆనినంత మేర పొలం ఉన్నవాడు. భూమి పంచాలని అందరికంటే గట్టిగా అరిచేది ఆయనే. ఎవరి భూమి అన్నది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మూడో ఆయన కరెంటాఫీసులో పనిచేసే కోస్తా మనిషి. మేము మా యాసలో నోరు తెరిస్తే ఆయనకు సినిమా చూసినంత నవ్వు వచ్చేది. ఉద్యమం రోజుల్లో ఆయన్ను పొమ్మని గోడల మీద రాసినవాళ్ళే, ఆదివారం ఆయన రావడం ఆలస్యమైతే సైకిలు మీద పోయి తీసుకొచ్చేవాళ్ళు. నాలుగో మనిషి మా ఆయన, ఐదో ఆయన ఒక బట్టల దుకాణం సేటు. వరసగా కూలి చీటీ వస్తుండేసరికి, ఆదివారం గిరాకీ ఎక్కువని చెప్పి రావడం మానేశాడు.

అక్కడినుంచి చూడాలి వీళ్ళ తమాషా. కూలి చీటీ చేతికి వచ్చిందంటే లెక్చరరు కళ్ళద్దాలు తుడుచుకుని, "చీటీ మడత సరిగ్గ లేదు. పద్ధతి అంటే పద్ధతి. మల్ల తియ్యాలె" అనేవాడు. పటేలు కొడుకు, "ఆటనే, కాదంటలేను. గని ఊర్ల మా నాయినకు ఇజ్జత్ ఉన్నది గదా" అనేవాడు. కోస్తా ఆయన, "నన్ను కూలోణ్ణి చేస్తే అది కక్ష సాధింపు కాదాండీ?" అనేవాడు. మా ఆయనకు కడుపునొప్పి వచ్చేది. కూలిని విడిపించాలని నలుగురికీ ఉంది. కూలి కావాలని ఒక్కడికీ లేదు.

ఒక ఆదివారం నేను వాకిట్లో బియ్యం చెరుగుతుంటే మా ఆయన కేకేశాడు. "ఇగో, జర ఇటు రా. ఊకెనే గవ్వలెయ్యి, అంతే."

"అవు వదినె," అన్నాడు లెక్చరరు, "నువ్వు కూసుంటె కూలి పాత్రకు న్యాయం జరుగుతది."

ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడు. నేను చాట పట్టుకునే వెళ్ళి కూర్చున్నాను. ఒక చేత్తో రాళ్ళు ఏరుతూ, ఒక చేత్తో గవ్వలు వేస్తూ ఆ రోజు నలుగురినీ పోషించాను. ఆ మరుసటి వారం నుంచి వాళ్ళు నాలుగు చీటీలే తీసుకునేవాళ్ళు. ఐదోది తీయకుండానే నా చాటలో పడేది. సౌకర్యంగా ఉందన్నారు. నాకు ఒళ్ళు మండేది. అయినా పొయ్యి దగ్గర కూర్చోవడం కంటే అరుగు మీద కూర్చోవడమే నయమనిపించేది, అదీ నిజమే.

ఆడేది తక్కువ, వాదించేది ఎక్కువ. రూళ్ళన్నీ లెక్చరరు సుద్దముక్కతో అరుగు గోడ మీద రాసేవాడు. కొత్త రూలు వస్తే పాతది తడిగుడ్డతో తుడవాలి. తుడిచేది ఎవరో చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద లొల్లి ముల్కీ రూలు దగ్గర జరిగింది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకేనన్న నిబంధన అది. దాని గురించి బయట ఇంకా కొట్లాటలు అవుతూనే ఉన్నాయి. పటేలు కొడుకు దాన్ని ఆటలోకి తెచ్చాడు.

"బయటికెల్లి వచ్చినోడు లీడరు గావద్దు. ఆటల గూడ గీ రూలు వెట్టాలె" అన్నాడు.

కోస్తా ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "పొమ్మంటే పోతానండీ. కానీ మీ ముగ్గురూ కలిసి ఏం ఆడతారో చూస్తాను."

ఆయన పోతే నాలుగు చీటీల్లో ఒకటి ఖాళీ అవుతుంది. పోకపోతే ఉద్యమం ఓడిపోయినట్టు అవుతుంది. ఎన్నో ఆదివారాలు ఇదే గొడవ. నేను గవ్వలు గుప్పిట్లో పట్టుకుని, ఎప్పుడు వేయమంటారా అని చూస్తూ కూర్చునేదాన్ని. చివరికి లెక్చరరు రాజీ కనిపెట్టాడు.

"ఎవ్వల్నీ పొమ్మనొద్దు. పోవాల్ననుకున్నోనికి పోయే హక్కు ఉండాలె. గంతే."

అందరికీ నచ్చింది. తర్వాత ఒక్కొక్కరే ఆ రోజు తమకు వచ్చిన చీటీని బట్టి ఆలోచించుకున్నారు. దొర భూమి విడిచి ఎట్లా పోతాడు అన్నాడు పటేలు కొడుకు. పట్వారీ పోతే కాగితాలు ఎవరు చూస్తారు అన్నాడు మా ఆయన. ఠాణేదారు పోవాలంటే పైనుంచి ఆర్డరు రావాలండీ అన్నాడు కోస్తా ఆయన. లీడరు ప్రజలను విడిచిపోవడం ద్రోహం అన్నాడు లెక్చరరు. అందరినీ తీసేస్తే మిగిలింది ఒకరే. గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: కూలి ఎప్పుడైనా ఊరు విడిచి పోవచ్చు.

రాసి రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. "చూసినవా వదినె? అందరికన్న స్వేచ్ఛ నీకే ఉన్నది."

"ఎటు పోవాలె అన్నా?" అన్నాను.

"గది ఆటల రాదు" అన్నాడు.

ఇది ఇట్లా ఉండగా నాకు ఆర్డరు వచ్చింది. పెళ్ళికి ముందే టీచరు ట్రెయినింగు పూర్తిచేశాను. మా ఆయన చేతే దరఖాస్తు పెట్టించాను, రాదులే అన్న ధైర్యంతో ఆయనా పెట్టాడు. వచ్చింది. భూపాలపల్లి దిక్కు ఒక ఊరి బడి. గడువులోగా చేరకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది. ఆ కాగితం పట్టుకుని నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వాళ్ళ ఉద్యమం నా చదువులో ఒక ఏడాది తిన్నది. దానికి బదులుగా నాకు దక్కేది ఏమైనా ఉంటే ఇదే. ఇది పోతే ఇక రాదని నాకు తెలుసు.

మా ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "ఐతారం అందరు వస్తరు గదా, మాట్లాడుదాం."

"నా నౌకరి గురించి వాళ్ళేం మాట్లాడుతరు?"

"చదువుకున్నోళ్ళు. ఒక మాట అడిగితె తప్పేంది?"

ఆదివారం వచ్చింది. నేను చాయ్ ఇచ్చి, చాట లేకుండా ఉత్త చేతులతో వచ్చి కూర్చున్నాను. మా ఆయన కాగితం బయటకు తీశాడు. లెక్చరరు ముందు మాట అందుకున్నాడు. "ఆడోళ్ళు నౌకరి చెయ్యాలె, దాంట్ల నాకు రెండో మాట లేదు. గని పరిస్థితులు పక్వానికి రావాలె."

"ఎప్పుడొస్తయన్నా?" అన్నాను.

"గది చరిత్ర చెప్పాలె."

పటేలు కొడుకు, "అంత అడివి వదినె. నువ్వేడ, గది యాడ? ఈడ్నే దగ్గర్ల వచ్చిందాక ఆగు" అన్నాడు. కోస్తా ఆయన, "మా వైపైతే ఇంత దూరం ఒంటరిగా పంపించరండీ" అన్నాడు. మొదటిసారి కోస్తాకూ తెలంగాణకూ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదరడం ఆ అరుగు మీద చూశాను. మా ఆయన నేల చూపులు చూస్తూ, "ఇంట్ల ఎట్ల మరి? చాయ్ నీళ్ళకు గూడ తిప్పలే అయితది" అన్నాడు.

ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే కావాలని గొంతు చించుకున్న మనుషులు వీళ్ళు. ఇక్కడి మనిషికి ఒక ఉద్యోగం వచ్చింది. వస్తే చాయ్ ఎవరు పెట్టాలన్నది వీళ్ళ సమస్య. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"ముందు ఆట కానియ్యుండ్రి. అయినంక చేతులెత్తి ఓటు పెడ్దాం" అన్నాడు లెక్చరరు. నలుగురూ హాయిగా చీటీలు తీసుకున్నారు. దొర చీటీ లెక్చరరుకే వచ్చింది. ఆ రోజు మడత సరిగ్గానే ఉంది.

"ఎయ్యి వదినె" అన్నాడు.

నేను గవ్వలు కింద పెట్టాను. గుడ్డ మీద నా కాయ మొదటి గడిలోనే ఉంది. దాన్ని తీసి అరుగు అంచున పెట్టాను.

"నేను ఊరు విడుస్తున్న" అన్నాను.

"అట్లెట్ల?" అన్నాడు మా ఆయన.

గోడ చూపించాను. నలుగురూ తిరిగి చూశారు. సుద్ద అక్షరాలు చెక్కుచెదరలేదు. వాటిని ఇన్నాళ్ళూ తుడవకుండా కాపాడింది నేనే.

"పోవచ్చు అంటె నిజంగ పోవుడని గాదు వదినె" అన్నాడు లెక్చరరు. "అది సూత్రం."

"మరి పంటెట్ల?" అన్నాడు పటేలు కొడుకు. కూలి లేకపోతే గవ్వలు వేసేవాడు లేడు. గవ్వలు పడకపోతే గింజలు రావు. గింజలు రాకపోతే దొర కదలడు, పట్వారీ కదలడు, ఎవరి కాయా కదలదు. ఇన్నేళ్ళు రూళ్ళు రాసి రాసి ఈ ముక్క ఒక్కడికీ తట్టలేదు. "ఎవరో ఒకరు కూలీగా కూర్చుంటే సరిపోతుంది కదండీ" అన్నాడు కోస్తా ఆయన. ఎవరు అన్న ప్రశ్న రాగానే లెక్చరరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మా ఆయన కడుపు పట్టుకున్నాడు.

నేను లేచి మా ఆయన పక్కన పెట్టుకున్న ఆర్డరు తీసుకున్నాను. ఆయన ఆపలేదు. ఆయన దృష్టి గోడ మీదే ఉంది. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె దించి చీరలు సర్దుకున్నాను. బయట రూలు చెల్లుతుందా చెల్లదా అన్న వాదన పొద్దుగూకేదాకా నడిచింది. నా ఉద్యోగం మీద ఓటు పెట్టడం అందరూ మరిచిపోయారు.

మర్నాడు పొద్దున బస్టాండుకు ట్రంకు మా ఆయనే మోసుకొచ్చాడు. వాడకట్టంతా చూస్తోంది మరి. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకు వచ్చి, "ఉండరాదు? ఈ ఐతారం రూలు మారుస్తం" అన్నాడు. నేను టికెట్టు తీసుకున్నాను. హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెట్లు దగ్గరపడుతుంటే భయమేసింది. నిజంగానే భయమేసింది. వెనక్కి పోతే చాట ఉంటుందని గుర్తుచేసుకున్నాను.

బడి రెండు గదులు. తండాల పిల్లలు ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళు. నేను వాళ్ళకు తెలుగు చెప్పాను, వాళ్ళు నాకు వాళ్ళ మాటలు నేర్పి, నేను పలికితే పడీపడీ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎందుకో కోపం తెప్పించలేదు.

దసరా సెలవులకు నేను జనగామ పోలేదు. మా ఆయనే వచ్చాడు. చిక్కిపోయాడు. ఆట బంద్ అయిందని చెప్పాడు. నలుగురూ కొన్ని వారాలు వచ్చారట. నాలుగు చీటీలు తీస్తే నలుగురూ బాగుండేవాళ్ళు, ఐదోది గుడ్డ మీద అట్లాగే పడి ఉండేదట. ఎవరూ ముట్టుకోలేదు. చాయ్ కూడా లేకపోయేసరికి లెక్చరరు రావడం తగ్గించాడు, పటేలు కొడుకు పంచాయతీ ఎన్నికల్లో పడ్డాడు. కోస్తా ఆయన ఒక్కడే ఇంకా వచ్చి కాసేపు కూర్చుని పోతాడట.

"మల్ల ఎప్పుడొస్తవు?" అన్నాడు.

ఆయన మొహం చూస్తే జాలేసింది. కానీ నోరు ఊరుకోలేదు.

"పోయిన కూలి మల్ల ఎట్ల రావాల్నో మీ గోడ మీద యాడన్న రాసుకున్నరా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. గోడంతా కళ్ళముందు పెట్టుకుని పైనుంచి కిందికి చదువుకున్నాడు.

"లేదు" అన్నాడు. "గది ఎవ్వలికి యాది రాలే."

"యాది వస్తె జెప్పుండ్రి."

బయట తండా ఆడవాళ్ళు కట్టెల మోపులతో పోతున్నారు. మా ఆయన వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చాయ్ ఉన్నదా?" అన్నాడు.

"స్టవ్ ఆ మూలకున్నది" అన్నాను.

చాలాసేపటికి లేచాడు. చాయ్‌పత్తి డబ్బా వెతికాడు, చక్కెర వెతికాడు, నన్ను మాత్రం అడగలేదు. ముందు నాకు ఇచ్చి తర్వాత తను పోసుకున్నాడు. నీళ్ళలాగా ఉంది. తాగాను. బాగుందని మాత్రం అనలేదు.