అక్క ఖాతా మీద నేను వేసిన షేర్ల దరఖాస్తు

సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్లుగా కామర్స్ చెప్తున్నాను. షేర్ల జారీ పాఠాన్ని బోర్డు మీద ఎన్నిసార్లు రాసి తుడిచానో లెక్కే లేదు. నా పేరు మీద మాత్రం ఒక్క షేరు కూడా లేదు. మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో వచ్చే ఫిజిక్స్ మేడం స్టాఫ్ రూములో ఈ సంగతి బయటికి లాగింది.

“అంటే ఇన్నేండ్ల సంది పిల్లలకు వంట పుస్తకం సదివి వినిపిస్తున్రు గానీ, పొయ్యి ముట్టియ్యలేదన్నమాట!”

“మీరు గురుత్వాకర్షణ చెప్తున్రని రోజూ మేడ మీదికెల్లి దుంకుతున్రా?” అన్నాను.

అందరూ నవ్వారు. మాటలో గెలిచాను గానీ, ముల్లు మాత్రం దిగింది. వారం తిరగకుండానే ఫోన్లో, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచాను. అప్పుడే ఒక కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్ముతోంది. దరఖాస్తు ఎలా వేయాలో ఆ మేడమే చూపించింది. “పైసలు యాడికీ పోవు మేడం. ఖాతాలనే ఉంటయి, తాళం ఏసినట్టు. షేర్లు రాకుంటే తాళం తీస్తరు, గంతే.”

నా ఖాతాలో చిట్టీ, బీమా పోగా మిగిలింది ఒక్క దరఖాస్తుకు కూడా చాలదు. కానీ నా ఫోన్లో ఇంకో ఖాతా ఉంది. అది మా అక్కది.

అక్క కోదాడలో బట్టలు కుడుతుంది. బావ పోయాక వరండాలో మిషను వేసుకుని పిల్లను చదివించింది. బ్యాంకులో ఖాతా తెరిచిననాడు ఆమెకు ఫోను లేదు, నా నంబరు రాయించింది. తర్వాత ఫోను కొనుక్కున్నా ఆ నంబరు మార్చలేదు. “నాకా లొల్లి వద్దు, నువ్వే సూసుకో” అంది. మా వైపు ఇళ్లలో ఇది మామూలే. ఇంట్లో చదువుకున్న మనిషి ఒకరుంటే నలుగురి ఖాతాలూ ఆ మనిషి ఫోన్లోనే ఉంటాయి. జాకెట్టు కుట్టిన కూలి పడినప్పుడల్లా నా ఫోనే మోగేది. ఏళ్ల తరబడి మోగి మోగి, ఆ ఫోన్లో కనిపించేదంతా నాదేనన్న ధీమా నాకు తెలియకుండానే పట్టుకుంది.

ఆ ఖాతాలో లక్షన్నర ఉంది. బస్టాండు దగ్గర ఒక మడిగె కిరాయికి తీసుకుని కుట్టు దుకాణం పెట్టాలని అక్క దాచుకున్న అడ్వాన్సు అది. నెలాఖరుకు ఇస్తే చాలని మడిగె ఓనరు చెప్పాడట. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. షేర్ల వ్యవహారం నాలుగు రోజుల్లో తేలిపోతుంది. లాభం వస్తే అక్కకు మంచి చీర కొనాలనుకున్నాను. పరాయి సొమ్ము ముట్టుకునే వాళ్లందరూ ముందు ఇలాంటి చీర ఒకటి మనసులో కొంటారు కాబోలు.

మంగళవారం నా పేరు మీద దరఖాస్తు వేసి, అక్క ఖాతాలో లక్షా నలభై వేలకు తాళం పడేలా నొక్కాను. అంత ఎందుకంటే, ఎక్కువ అడిగితే అందులో కొంతైనా ఇస్తారని నేను చెప్పే పాఠంలో ఉంది. చిన్న మొత్తాలు పెట్టేవాళ్లకు లాటరీ తీసి, తగిలినవాళ్లకు ఒక్కో లాటు షేర్లే ఇస్తున్నారని తర్వాత తెలిసింది. నేను చెప్పే పాఠం నేనే సగం చదివాను.

బుధవారం సాయంత్రం గడువు ముగిసింది. గంట తర్వాత అక్క ఫోను చేసింది.

“చెల్లె, ఆ మడిగెకు ఇంకొకడు తయారైండే. సెల్‌ఫోన్ల దుకాణం పెడ్తడంట. శుక్కురారం పన్నెండు లోపు పైసలిస్తే నీకు, లేకుంటే ఆయనకంటుండు ఓనరు. నేను పాస్‌బుక్కు తీస్కొని బ్యాంకుకు పోత.”

“నేనొచ్చేదాక ఆగక్కా. కాగితం సదవకుండ సంతకం పెట్టకు” అన్నాను. అబద్ధం కూడా పెద్దరికంగానే చెప్పాను.

గురువారం కాలేజీకి సెలవు పెట్టి, సూర్యాపేటలో ఉన్న అక్క బ్యాంకు శాఖకు వెళ్లాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఆఫీసరు కంప్యూటరు చూసి, “తాళం మేం తియ్యలేం మేడం. నిన్న గడువు లోపల మీరే రద్దు చేసుకోవాల్సింది” అన్నాడు.

“పైసలు మీ బ్యాంకుల ఉన్నయి, తాళం మాత్రం మీ చేతుల లేదంటరు. మరి మీరు గీడ కూసొని ఏం కాపలా కాస్తున్రు?”

ఆయన కోపం తెచ్చుకోలేదు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. “ఈ ఖాతా ఎవరిది?”

“మా అక్కది.”

“దరఖాస్తు?”

“నాది.”

“అయితే రిజెక్ట్ అయితది. ఎవరి పేరు మీద షేర్లు అడుగుతరో వాళ్ల ఖాతాలనే డబ్బు ఆగాలె. ఒకరి దరఖాస్తుకు ఇంకొకరి ఖాతా చెల్లది.”

“రిజెక్టా! ఎట్ల చేస్తరు? సొంత అక్కాచెల్లెళ్లం! ఆధార్ తెమ్మంటే తెస్త...” అని అందుకున్నాను. సగంలో నా మాట నా చెవినే పడింది. నేను దేని కోసం కొట్లాడుతున్నాను?

“ఆగుండ్రి. రిజెక్ట్ అయితే పైసలు మొత్తం విడిచిపెడ్తరా?”

“మొత్తం.”

“ఎప్పుడు?”

“రేపు.”

“రేపు ఎన్ని గంటలకు?”

“అది చెప్పేటంత పెద్ద ఆఫీసరును కాదు మేడం నేను.”

శుక్రవారం తొమ్మిదిన్నరకు కోదాడ బస్సెక్కాను. ఫోను చేతిలోనే ఉంది. అక్క బ్యాంకు కిటికీ ముందు పాస్‌బుక్కు పట్టుకుని నిలబడితే, లోపలివాళ్లు “డబ్బు లేదమ్మా” అంటే, ఆమె నన్ను అనుమానించదు. బ్యాంకునే అనుమానిస్తుంది. మునగాల దాటాక ఫోన్లో మెసేజి మోగింది. దరఖాస్తు తిరస్కరించారు. లక్షా నలభై వేలూ విడుదలయ్యాయి.

“వచ్చినయి!” అని బయటికే అనేశాను. పక్క సీటులో మిరపకాయల సంచితో కూర్చున్న ఆమె, “ఏమొచ్చినయి బిడ్డా?” అంది.

“పైసలమ్మా. మా అక్కయి.”

“మరి నువ్వెందుకేడుస్తున్నవ్?”

ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో నా దరఖాస్తు ఏది తిరస్కరించినా పోట్లాడి వచ్చిన దాన్ని, ఈ ఒక్కదానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఆ షేరు సోమవారం కొంత పెరిగిందట. పెరగనీ.

పదకొండు దాటుతుండగా అక్కా నేనూ బ్యాంకులో డబ్బు తీసుకుని మడిగె దగ్గరికి వెళ్లాం. ఓనరు అంతకుముందే వచ్చి ఉన్నాడు. “అవతలాయన పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడండీ. మీ అక్కగారికి మాటిచ్చాను కదా అని ఆగాను” అన్నాడు. కాగితం నిజంగానే చదివాను. రెండు చోట్ల వాదించి మార్పించాను కూడా. ఆయన తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయాడు.

షట్టరు ఎత్తాక లోపల దుమ్ములో నిలబడి అక్కకు అంతా చెప్పాను. తను కొలత టేపుతో గోడ కొలుస్తూ విన్నది.

“నన్నడిగితే ఇయ్యకపోదునా?” అంది చివరికి.

“ఇద్దువా?”

“ఇయ్యకపోదును. తిట్టి పంపుదును. అయినా అడగాలె గదనే!”

“అడగాలె.”

“సోమవారం బ్యాంకుకు పోయి నా నంబరు ఎక్కిచ్చుకుంట. ఫారం నువ్వు నింపకు, నేనే నింపుకుంట.”

“సరే అక్కా.”

“సరే అంటవేంది, వాదించవా?” అని నా మొహంలోకి చూసి, టేపు కొసను నా చేతిలో పెట్టింది. “ఆ మూలకు పోయి గట్టిగ పట్టుకో. రెండు మిషన్లు పడ్తయో లేదో సూద్దాం.”

మూలకు వెళ్లి పట్టుకున్నాను. రెండు పట్టాయి. మూడోది కూడా పట్టేలా ఉంది.