పిల్లలపాకకు పెళ్ళిచూపులు

మా వదిన నడిపిన పిల్లలపాక గురించి ఎవరడిగినా నేను ముందు కుర్చీల సంగతే చెబుతాను. అది చెబితే మిగతాదంతా దాని వెనకే వచ్చేస్తుంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. భర్త పోయాక అనకాపల్లి పక్కనే ఉన్న మా ఊరికి వచ్చేసి, ఆడవాళ్ళను పోగుచేసి చిన్న సంఘం పెట్టింది. చెరకు కోతకు వెళ్ళే తల్లులు గట్టు మీద గోనెపట్టా పరిచి పిల్లల్ని పడుకోబెట్టేవారు. ఒకసారి అలా పడుకున్న పిల్ల పక్కనుంచే పాము పాకుతూ పోయింది. అది చూసిన దగ్గర్నుంచి వదినకు కుదురు లేదు. మూతపడ్డ బెల్లం గానుగ పాక ఒకటి అద్దెకు తీసుకుని, పిల్లల్ని పగలంతా అందులో ఉంచుకోవడం మొదలుపెట్టింది. కాగితాల మీద దానికేదో పెద్ద పేరుంది. మేం మాత్రం పిల్లలపాక అనేవాళ్ళం. వంట చేసేది, ఉయ్యాల ఊపేది, ముక్కులు తుడిచేది నేనే. నాకు చదువు అంతంతమాత్రం గానీ, ఆ పిల్లల్లో ఎవరికి ఏ పాట పాడితే నిద్ర వచ్చేదో ఇప్పటికీ చెప్పగలను.

అచ్యుతాపురం వైపు కంపెనీలు లేచి, మా రోడ్డు మీదికి కంపెనీ బస్సులు రావడం మొదలైన రోజులవి. ఆ బస్సెక్కే ఆడపిల్లలు కూడా తమ బిడ్డల్ని మా దగ్గరే దించి వెళ్ళేవారు. పాక నిండిపోయింది. సరిగ్గా అప్పుడే, దూరదేశం నుంచి మాకు సాయం పంపే దాతలు తమ పనిని ఇంకో చోటికి మార్చుకుని, మాకు డబ్బు పంపడం మానేశారు. వదిన మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్ళింది. "ఈ కోతలయ్యీదాకా ఎలాగో లాగుతాను. ఆ తరవాత నా వల్ల కాదు" అని తల్లులతో చెప్పేసింది. చెప్పి లోపలికొచ్చి, పిల్లల పక్కబట్టలు మడతపెట్టినవే మళ్ళీ మళ్ళీ మడతపెట్టింది.

అప్పుడు సబ్బవరం నుంచి స్కూటరు తమ్ముడు వచ్చాడు. తమ్ముడంటే మా చుట్టం కాదు. పల్లెల్లోని మాలాంటి చిన్న సంఘాలకూ, డబ్బిచ్చే పెద్ద సంస్థలకూ మధ్య తిరిగి ఒకరితో ఒకరిని కలపడం అతని పని. వాన వస్తే తన నెత్తి తడిసినా సరే, మా ఫైళ్ళకు కవరు కప్పేవాడు. ఆడవాళ్ళందరినీ అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాడు.

"అప్పా, హైదరాబాదు నుంచి ఒక మేడంగారు వత్తన్నారు. ఊరికే సూసుకుంటారు. నచ్చితే ఒప్పుకుంటారు" అన్నాడు.

ఆ మాట అనేసి టీ తాగి వెళ్ళిపోయాడు. చూసుకోవడం, నచ్చితే ఒప్పుకోవడం! మాకు తెలిసినంతలో ఊరుగాని ఊరివాళ్ళు ఇంటికొచ్చి అలా చేసేది ఒక్క పెళ్ళిచూపులప్పుడే. పెళ్ళివారు వస్తున్నారంటే ఏ ఇంట్లోనైనా ఏం చేస్తారు? లోటు కనబడకుండా చూసుకుంటారు. మేమూ అదే చేశాం.

చర్చిలోంచి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. మా పెదమామగారి ఇంట్లోంచి సీలింగు ఫ్యానొచ్చింది. పాకకు కరెంటు ఉంది గానీ అది ఒక్క బల్బుకే. అయినా మా ఆయన దూలానికి తాడు కట్టి, తీగ తగిలించి దాన్ని తిప్పేశాడు. పక్కింటావిడ తన గొలుసు తీసి వదిన మెడలో వేసింది. పిల్లలకు క్రిస్మస్ బట్టలు తొడిగాం. అవి లేనివాళ్ళకు చుట్టుపక్కల ఇళ్ళలోంచి తెచ్చాం.

అంతా అయ్యాక వదిన పిల్లల వరస చూసి పెదవి విరిచింది.

"ఏటే మరదలా, అందరూ బక్కోల్లే కనబడతన్నారు. ముందర ఒక్కర్తేనా బొద్దుగా ఉండాల కాదేటి?"

"బొద్దుగా అంటే కొట్టు కోమటాయన మనవరాలే ఉంది ఒదినా."

"మరింకేటి, ఎత్తుకొచ్చీ."

వెళ్ళి అడిగి ఎత్తుకొచ్చాను. మూడేళ్ళ పిల్ల, బుగ్గలు రెండూ బూరెల్లా ఉండేవి. పాయసం పెడతానంటే మహారాణిలా చంకెక్కింది.

మేడంగారు మధ్యాహ్నం దాటాక వచ్చారు. నేత చీర, నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. కుర్చీలో కూచోబెట్టి కొత్త బెల్లం పాయసం, పులిహోర, కోడికూర పెట్టాం. ఆవిడ తింటూ నాలుగు వైపులా చూశారు. తిరుగుతున్న ఫ్యాను చూశారు. ముందు వరసలోని బూరెబుగ్గల పిల్లను చూసి నవ్వారు.

"మీకు ఇబ్బందులేం లేవా అమ్మా?" అని అడిగారు.

వదిన తల ఎత్తి, "మాకేటి లోటండీ! దేవుడి దయ వల్ల అన్నీ ఉన్నాయి" అంది. భోజనానికి వచ్చినవాళ్ళ ముందు లేదనే మాట మా ఇంటావంటా లేదు మరి.

స్కూటరు తమ్ముడు తలుపు దగ్గర నిలబడి సైగలు చేస్తున్నాడు. అవి ఇంకొంచెం కూర వెయ్యమని అనుకుని నేను వెళ్ళి వేశాను.

మేడంగారు చెయ్యి కడుక్కుని, వదిన చేతులు పట్టుకున్నారు. "చాలా బాగా నడుపుతున్నారు. మనసు నిండింది. మా దగ్గర ఉన్న డబ్బు కొంచెమే. మీకంటే లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకిస్తే మీరేమీ అనుకోరు కదా?"

వదిన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి వెళ్ళిపోయింది. అన్నీ ఉన్నాయని చెప్పిన నోటితోనే ఏమీ లేవని ఎలా అంటాం? తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు చర్చి పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు.

"సెల్లెమ్మా, పెళ్ళోరు తిన్నారేటి? సాయంత్రం ప్రార్థన కూటం ఉంది. కుర్చీలు పట్టుకెల్లిపోతాం."

"ఉండన్నయ్యా, ఉండు" అని వదిన గొంతులోనే అంటోంది. ఈలోగా అతని వెనకున్నవాళ్ళు ఖాళీ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపేశారు. మేడంగారు తనంతట తానే లేచి తన కుర్చీ అందించారు. అంతలో మా పెదమామగారు నిచ్చెనతో వచ్చాడు.

"ఏరా, తిప్పింది సాల్లే, ఆపు. ఇంటికాడ మీ పెద్దమ్మ ఉడికిపోతంది. నన్ను తిడతంది."

మా ఆయన ఫ్యాను ఆపాడు. అది ఆగీ ఆగకముందే కొట్టాయన భార్య వచ్చి మనవరాలిని ఎత్తుకోబోయింది. ఆ పిల్ల రెండు చేతులతో పాయసం గిన్నె పట్టుకుని, "నానెల్లను! ఇంకా కావాల!" అని పాకంతా ఎగిరిపోయేలా ఏడ్చింది. దాన్ని చూసి మిగతా పిల్లలందరూ ఏడుపు అందుకున్నారు.

మేడంగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వి నవ్వి, పమిటతో కళ్ళు ఒత్తుకుని, నేల మీద చాప పైన కూచుండిపోయారు.

"నిజం చెప్పండమ్మా. ఇందులో మీవి ఏవి?"

వదిన మెడలోంచి గొలుసు తీసి, గుమ్మం దగ్గరున్న పక్కింటావిడ చేతిలో పెట్టింది.

"ఈ సాప మాదండీ. వంట సట్లు మావి. ఈ పిల్లలు మావోల్లు" అంది. అని, కొట్టాయన మనవరాలి వైపు చూసి, "అందులోనూ అదొకర్తి కాదు" అంది.

ఇక ఎవరూ ఆగలేదు. చర్చి పెద్దాయన కుర్చీల దొంతర దించేసి మరీ నవ్వాడు. ఆ నవ్వుల్లోనే వదినకు ఏడుపు వచ్చేసింది. గొలుసు తాకట్టు సంగతి, పాక అద్దె సంగతి, కోతలయ్యాక మూసేస్తామన్న సంగతి అన్నీ అప్పుడు చెప్పింది.

మేడంగారు వెంటనే వెళ్ళలేదు. పొద్దు వాలేదాకా చాప మీదే ఉన్నారు. చెరకాకు కోసుకుపోయిన కాళ్ళతో తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని ఎత్తుకుంటుంటే చూశారు. కంపెనీ బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చిన ఒక అమ్మాయి చేతికి, అప్పటిదాకా తన ఒళ్ళో నిద్రపోయిన బిడ్డను తానే అందించారు. ఏ మాటా ఇవ్వకుండానే వెళ్ళారు.

కోతలు ఇంకా కాకముందే ఒక ఉదయం, ఊరి మొదటి ఇంటి దగ్గర్నుంచీ హారన్ మోత మొదలైంది. స్కూటరు తమ్ముడు హారన్ మీద వేలు తీయకుండా పాకదాకా వచ్చాడు. పిల్లలు నిద్రలేచిపోయారని కోపంతో గరిటె పట్టుకుని బయటికొచ్చాను.

"కొట్టప్పా, కొట్టు! పెళ్ళోరు ఒప్పేసుకున్నారు!" అన్నాడు.

వదిన అతని తల నిమిరింది. అతను స్కూటరు దిగకముందే నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

ఆ తర్వాత తమ్ముడికి ఒక అలవాటయింది. ఏ సంఘానికైనా డబ్బిచ్చేవాళ్ళు రాబోతున్నారంటే, ఆ సంఘం వాళ్ళను ముందు మా పాకకు తెచ్చేవాడు. "అప్పా, వీల్లకి అన్నం పెట్టి ఆ కుర్చీల కత సెప్పు" అనేవాడు. నేను వడ్డిస్తూ చెప్పేదాన్ని. ఒకసారి ఎస్. రాయవరం దగ్గర్నుంచి వచ్చిన రైతు సంఘం పెద్దాయన అంతా శ్రద్ధగా విన్నాడు. చెయ్యి కడుక్కుని, మీసం తుడుచుకుని అడిగాడు.

"అర్తమైంది తల్లీ. కుర్చీలు అరువు తేవొద్దు. ఫ్యానూ వద్దు. మరి ఒక్క సోఫా అయితే పర్లేదేటి?"

మరుసటి ఏడు మేడంగారు మళ్ళీ వచ్చే రోజున, వదిన పొద్దున్నే కనబడలేదు. చూద్దును కదా, చర్చి వైపు నుంచి ఒకే ఒక్క కుర్చీ నెత్తిన పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ వస్తోంది.

"ఒదినా!" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యే. పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులుంటాయి" అంది.

మేడంగారు వచ్చారు. ఆ కుర్చీ చూసి, వదిన మొహం చూసి, చాప మీద కూచున్నారు. కుర్చీలో అప్పటికే కొట్టాయన మనవరాలు ఎక్కి కూచుని ఉంది. మొదటి రోజు పాయసం తిన్న దగ్గర్నుంచి అది రోజూ మా పాకకే వచ్చేది.