మూడు సీడీల పెట్టెకు రిమోట్

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక అమ్మను తార్నాకలో నా ఫ్లాటుకు తెచ్చుకున్నాను. ఆమె గుంటూరు దగ్గర ఒక మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. చర్చిలో పాటల బృందాన్ని ఏళ్ల తరబడి నడిపించిన మనిషి. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే తిరిగి వచ్చేసరికి ఆరు దాటుతుంది. మధ్యాహ్నం పనావిడ వచ్చి అన్నం పెట్టి, కాసేపు ఉండి వెళ్తుంది. మిగతా రోజంతా అమ్మ ఒక్కతే. వాకర్ పట్టుకుని బాత్రూము దాకా వెళ్లగలదు, అంతే.

ఒంటరిగా ఉంటుందని నాకు బెంగ. అందుకని పాత సీడీ ప్లేయర్ దులిపి హాల్లో షోకేసు పైన పెట్టాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో మోజుపడి కొన్నది. ఒకేసారి మూడు సీడీలు పడతాయి. ముందువైపు బటన్లన్నీ ఎప్పుడో లోపలికి కుంగిపోయాయి కనుక రిమోట్ ఒక్కటే దిక్కు. మూడూ క్రైస్తవ కీర్తనలే, అమ్మ ఒకప్పుడు చర్చిలో పాడించినవే ఏరి పెట్టాను. పొద్దున్నే అమ్మకు రాగి జావ తాగించి, చెప్పులు వేసుకునే ముందు రిమోట్ నొక్కి, దాన్ని ఆ పెట్టె మీదే వదిలేసి వెళ్లేదాన్ని. మూడూ అయిపోతే మళ్లీ మొదటి నుంచి వచ్చేవి. నేను ఇంట్లో లేని లోటు అమ్మకు తెలియడం లేదని లైబ్రరీలో తోటివాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఎనిమిది నెలల తర్వాత ఒక రోజు రిమోట్ కనిపించలేదు. సోఫా దిండ్ల కింద, బియ్యం డబ్బా వెనక, ఉతకాల్సిన బట్టల్లో, అన్ని చోట్లా వెతికాను. ఆదివారం పనావిడను అడిగాను. అడగడం ఏమిటి, నిలదీశాను.

"నాకేం ఎరుక మేడం? మీ సామాను నేనెందుకు ముట్టుకుంట?" అంది ఆమె, తల దించుకుని గిన్నెలు తోముతూ. ఆ తల దించుకోవడం చూసి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

"పోనీలే తల్లీ, పోతే పోయింది. దానికోసం తిరక్కు," అంది అమ్మ. నన్ను శ్రమ పెట్టడం ఇష్టంలేక అలా అంటోందనుకున్నాను. ఎలాగైనా సాధించాలనే పట్టుదల వచ్చింది.

తార్నాక చౌరస్తా దగ్గర రిమోట్లు అమ్మే చిన్న షాపు ఉంది. షాపాయన నా ఫోన్లో పెట్టె ఫోటో చూసి నవ్వాడు.

"మేడం, గీ మోడల్ బందై ఎన్ని ఏండ్లైందో! దీని రిమోట్ యాడ దొరుకుతది?"

అన్నిటికీ పనిచేస్తుందంటూ ఒకటి ఇచ్చాడు. దానికి మా పెట్టె ఉలకలేదు, పలకలేదు. మర్నాడు తిరిగి తీసుకెళ్తే ఇంకో దారి చెప్పాడు.

"లెర్నింగ్ రిమోట్ అని ఉంటది. అసలుదాన్ని దీని ముంగట పెట్టి ఒక్కొక్క బటన్ నొక్కితే ఇది నేర్చుకుంటది. కానీ అసలుది ఉండాలె గదా మేడం!"

ఆ రిమోట్ కొని బ్యాగులో వేసుకుని, అసలుదాని కోసం క్యాంపస్‌లో కనిపించిన వాళ్లందరినీ అడిగాను. చివరికి ఎలక్ట్రానిక్స్ ల్యాబులో రిటైర్మెంటుకు దగ్గరపడిన టెక్నీషియన్ ఒకాయన ఫోటో చూసి లేచి నిలబడ్డాడు.

"అరే, గిది మా సెమినార్ హాల్ల ఉండె గద! పెట్టె తుక్కు కింద పోయింది గానీ రిమోట్ ఉండాలె."

బీరువాలో పాత మైకుల కింద నుంచి దాన్ని లాగాడు. కొత్త సెల్లులు వేసి, నా ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కాడు. మామూలు కంటికి ఏమీ కనిపించలేదు. ఫోన్ తెర మీద మాత్రం రిమోట్ కొసన ఊదారంగు చుక్క మిణుకుమంది.

"బతికే ఉన్నది! స్టాక్ రిజిస్టర్ల ఉన్న సామాను, మీకు ఇయ్యరాదు. నేర్పియ్యనీకి మాత్రం అడ్డం లేదు."

రెండు రిమోట్లనూ బల్ల మీద ఎదురెదురుగా పెట్టి, ఓపికగా ఒక్కొక్క బటనూ నేర్పించాడు. ఆయనకు ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పానో!

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే, "అమ్మా, ఇటు చూడు!" అని నొక్కాను. పెట్టెలో దీపం వెలిగింది. మొదటి కీర్తన మొదలైంది. గెలిచినదానిలా అమ్మ వైపు తిరిగాను.

అమ్మ ఏడుస్తోంది. సంతోషం పట్టలేకనే అనుకుని కళ్లు తుడవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆపు తల్లీ. నీకు దణ్ణం పెడతాను, ఆపు."

ఆపాను. ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు.

"ఆ రిమోట్ పోలేదు," అంది అమ్మ. "నేనే పారేయించాను. మధ్యాహ్నం ఆవిడ చేత కిందికి దింపించి, పాట ఆపించి, రిమోట్‌ను చెత్త బండిలో వేసెయ్యమన్నాను. 'మేడం తిడతది, వద్దు' అంది. నేనే బతిమాలాను."

"ఆవిడను నేను నిలదీసినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు కదమ్మా!"

"ఉన్నాను. నోరు పెగల్లేదు. నువ్వు స్నానానికి వెళ్లాక ఆవిడను క్షమించమని అడిగాను."

"అసలు ఎందుకు?"

"అవి జీవితమంతా నేను పాడిన పాటలు. ఇప్పుడు ఒక్క చరణం పాడే ఊపిరి లేదు నాకు. ఆ సీడీల్లో వాళ్లు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడుతూనే ఉంటారు. ఆ మోతలో ప్రార్థన కూడా కుదిరేది కాదు. ఆపుదామంటే నేను వెళ్లి అందుకోలేను, ఆవిడేమో నీ సామాను ముట్టుకోవడానికి భయపడేది. రిమోట్ అంత ఎత్తున పెట్టి పోతావు."

"నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వు అంత ప్రేమగా పెట్టి వెళ్తుంటే ఏ నోటితో చెప్పను?"

నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. భుజాన బ్యాగు అలాగే ఉంది. రోజూ నేను గుమ్మం దాటేటప్పుడు అమ్మ చెయ్యెత్తేది. వెళ్లిరమ్మంటోందనుకుని నేనూ చెయ్యూపి తలుపు వేసుకునేదాన్ని. ఆ చెయ్యి ఎత్తింది ఆపమని చెప్పడానికేమో! ఆ మాట అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంకోటి అడిగాను.

"నాకు చెప్పనివి ఇంకా ఏమైనా ఉన్నాయా అమ్మా?"

అమ్మ నా భుజం మీది బ్యాగు పట్టీని కిందికి జార్చింది.

"ఏమీ అనుకోనంటే, ఆ రాగి జావ ఒకటి," అంది.

మర్నాడు సెలవు పెట్టి పనావిడ కోసం ఎదురుచూశాను. వచ్చీ రాగానే, తప్పు నాదేనని చెప్పాను. ఆమె ఏమీ విశేషం కానట్టు కొంగు దోపుకుని చీపురు అందుకుంది.

"ఏం కాదు మేడం. పెద్దమ్మ ఏడుస్తుంటే చూడబుద్ధి కాలే, అందుకే పారేసిన. గిప్పుడు మంచిగ కూసోని ఇద్దరం ముచ్చట పెట్టుకుంటున్నం. ఆ పాటలల్ల పెద్దమ్మ మాట ఏం ఇనబడుతుండె?"