గాజు తీగకేసిన ముడి

నాను ఐదో తరగతితో బడి మానేసినోడిని. ఒత్తులెక్కడ పెట్టాలో, దీర్ఘాలెక్కడ పెట్టాలో సరిగ్గా తెల్దు. నవ్వుకున్నా పర్లేదు గానీ మద్దెలో ఆపీకండి.

మొన్న మా ఇంటికి ఇంటర్నెట్టు పెట్టడానికి పెందుర్తి నుంచి ఒకాయనొచ్చినాడు. మిగిలిన వైరుని పళ్లెమంత సుట్ట సుట్టి, గోడకి తగిలించి ఎలిపోనాడు. అది సూసినాక నాకు అన్నం సయించనేదు. బావ గుర్తొచ్చినాడు. బావంటే మా అక్క మొగుడు.

మాది రుషికొండ దాటినాక సముద్రం ఒడ్డునున్న ఊరు. మా అయ్య సముద్రం మీద సేపల ఏటకెళ్లి తిరిగి రానేదు. అందుకే అక్క పట్టుబట్టి బావ సేత సముద్రం మాన్పించినాది. "పస్తులుంటాను గానీ ఒడ్డున నిలబడి పడవ కోసం ఎదురుసూడ్డం నా వల్ల కాదు" అనీసింది. రెండు వేల సంవచ్చరం దాటిన కొత్తల్లో కొండ మీద కంప్యూటర్ ఆఫీసులు లేత్తంటే, వాటికి ఇంటర్నెట్టు ఇచ్చీ కంపెనీ ఒకటి స్తంభాల మీద కేబులు లాగడానికి మనుసుల్ని ఎతికినాది. లాగడం, ఎక్కడం మాకు సేతనైన పనే కదా, బావా నానూ సేరిపోనాం. బావ ఎప్పుడూ సముద్రానికి ఈపు పెట్టే స్తంభం ఎక్కీవోడు. ఏటి బావా అంటే, "సూత్తే పిలుత్తాదిరా" అనీవోడు.

ఆ కేబులు లోపల ఎంటికంత సన్నటి గాజు తీగలుంటాయి. అందులోంచి ఎలుగు ఎల్తాది. మడత పడినా, బిగించినా ఎలుగు ఆగిపోద్ది, సుట్ట పళ్లెం కన్నా సిన్నది సెయ్యొద్దని సూపర్‌వైజరు రోజూ సెప్పీవోడు. ఒకరోజు గాలి ఇరగబీసింది. స్తంభం మీద నానున్నాను, కేబులు జారిపోతంది. నా సెయ్యి ఊరుకోక, వల తాడుకి ఏసినట్టే ముడేసి, కాలితో తన్ని బిగించీసినాను. అయ్య నేర్పిన ముడది. దిగినాక గొప్పగా కూడా అనిపించినాది.

మర్నాడు ఆఫీసులో ఇంటర్నెట్టు నేదు. జనమంతా కంప్యూటర్ల ముందు ఊరికే కూకున్నారట. సూపర్‌వైజరు ఎలుగు కొలిచీ మీటరట్టుకుని స్తంభం స్తంభం ఎతికి, నా ముడి దగ్గరకొచ్చినాడు. ఆ ముక్క కోయించి, "ఎవడ్రా ఇది కట్టింది?" అన్నాడు. నాకప్పుడు పెళ్లై మూడు నెల్లు. పని పోతాదని బావ ఎనక్కి జరిగినాను.

"నానే బాబూ" అన్నాడు బావ.

"ఇది కేబులనుకున్నావా, సేపల వలనుకున్నావా?"

"వలనుకున్నాను బాబూ."

ఆ పూటే బావని తీసీసినారు. బావ ఆ ముక్క జేబులో ఏసుకుని ఇంటికెళ్లి, అక్క ముందు పెట్టి, తన తప్పు వల్లే పని పోనాదన్నాడు. వారం తిరక్కుండా పడవెక్కినాడు. అక్క ఒడ్డున నిలబడ్డం మొదలెట్టినాది. నాను మాత్రం గోపాలపట్నం దాకా ఇళ్లకీ కొట్లకీ కేబులు లాగుతా స్తంభాల మీదే ఉండిపోనాను. రుషికొండలో పనుంటే పైనుంచి అక్క సీర కనిపించీది. నాను తల తిప్పుకునీవోడిని.

బావ పోయినేడు పోనాడు. సముద్రంలో కాదు, జబ్బు సేసి మంచం మీదే. మొన్న ఆ సుట్ట సూసినాక ఉండబట్టక అక్క దగ్గరకెళ్లి, ఆ ముడి నాదే అని సెప్పీసినాను. అక్క సేపలు ఎండబెడతంది. తలెత్తనేదు.

"ఆ రోజే తెలుసురా. మీ బావ ఊరోళ్లు ముడి ఇంకోలా ఏత్తారు. అది మన అయ్య ముడి."

"మరి నన్నెప్పుడూ అడగనేదేటి?"

"అడిగితే నువ్వెల్లి ఒప్పీసుకుందువు. నీ పనీ పోయి ఇద్దరూ సముద్రం మీదే ఉందురు. నాను ఇద్దరి కోసం నిలబడాల."

ఇన్నేళ్లూ ఆ బరువు నానొక్కడినే మోత్తన్నాననుకున్నాను. కాలం అన్నీ మరిపిత్తాదంటారు. మా ఇంట్లో అది ఏదీ మరిపించనేదు, ఒక్క మాట సెప్పుకోడానికే కాలమంతా అయిపోనాది.

అచ్చరాలు తప్పిన కాడ మీరే సరిసేసుకుని సదువుకోండి. నన్ను మన్నించండి.