ప్రసాదం రాని మొక్కు

మా చిన్నప్పుడు... ఇంట్లో ఎవరు యాదగిరిగుట్టకు పోయొచ్చినా నేను ముందు చూసేది వాళ్ళ ముఖం కాదు, చేతిలో సంచి. ఒక లడ్డూ, ఒక పులిహోర పొట్లం... అవి లేకుండా గుట్ట నుంచి వచ్చినవాళ్ళను నేను ఎన్నడూ చూడలేదు.

అందుకే ఆ రోజు అమ్మ గుండుతో గడప దాటి లోపలికి వచ్చినప్పుడు ఏడుపు కంటే ముందు నాకు అనుమానం వచ్చింది. గుట్టలో మొక్కు తీర్చుకుందని నాయనమ్మ చెప్పింది, అదీ నేను అడగకముందే. సంచి వెతికాను. మందు గోలీలు, దూది, నీళ్ళ సీసా... లడ్డూ లేదు. అయిపోయాయట. ఉత్త మంగళవారం నాడు గుట్ట మీద లడ్డూలు అయిపోయాయంటే ఎవరు నమ్ముతారు? గుండుకు గంధం కూడా లేదు. నా చెవిలో పువ్వు పెడుతున్నారని తెలిసిపోయింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గల్లీ లోపల రెండు గదుల కిరాయి ఇల్లు. బాపు చీరల షాపులో పనిచేసేవాడు. అమ్మకు నీరసంగా ఉందని చెప్పి పోచంపల్లి నుంచి నాయనమ్మ వచ్చింది... వస్తూ తన పని కూడా వెంట తెచ్చుకుంది. నూలు మీద సైకిల్ ట్యూబు పట్టీలు గట్టిగా చుట్టి ముడులు వేసేది. ఆ నూలును రంగులో ముంచితే కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది. నేశాక చీర మీద అదే పువ్వవుతుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరి మీదా ఒక కన్నేసి ఉంచాను. నేను వస్తే మాటలు ఆగిపోయేవి... టీవీ చప్పుడు పెరిగేది. అమ్మ కంచం, గ్లాసు నాయనమ్మ వేరుగా పెట్టింది. నా పడక అమ్మ పక్క నుంచి నాయనమ్మ పక్కకు మారింది. మూడు వారాలకోసారి బాపు సెలవు పెట్టి అమ్మను ఎక్కడికో తీసుకుపోయేవాడు. కర్మన్‌ఘాట్ గుడికట. హనుమంతుడి గుడికి పోయొచ్చిన మనిషి రెండు రోజులు వాంతులు చేసుకుంటుందా?

కొన్నాళ్ళకు అమ్మ కనుబొమ్మలు కూడా రాలిపోయాయి. జుట్టంటే దేవుడు అడిగాడు సరే... కనుబొమ్మలు ఏ దేవుడు అడిగాడు?

అనుమానం అందరి మీదా తిరిగి తిరిగి చివరికి నా మీదకే వచ్చింది. నిద్రలో కాళ్ళు విసిరే అలవాటు నాది. ఒకసారి నా మడమ తగిలి అమ్మ రొమ్ము పట్టుకుని లేచి కూర్చుంది. ఇదంతా ఆ తర్వాతే కదా... నా వల్లే అయింది, అందుకే నాకు చెప్పడం లేదు అనుకున్నాను. పైగా వీళ్ళు పోని గుట్టకు పోయామని నరసింహస్వామి పేరు మీద అబద్ధం ఆడారు. ఆయనకు కోపం రాదా? నాకు చాలా భయమేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ కత్తెర తీసుకుని నా జడను చెవి దాకా కోసేశాను. కాగితంలో చుట్టి బాపు చేతిలో పెట్టాను.

"ఈసారన్న నిజంగ పో బాపు. అమ్మది ఇయ్యలేదు గద... నాది ఇయ్యి."

బాపు ఆ పొట్లం విప్పి చూశాడు. దెబ్బలు పడతాయనుకున్నాను. అమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పసిపిల్లతో ఆ మాటలెందుకని నాయనమ్మ అడ్డుపడింది.

"తెల్వకనే గద అత్తమ్మా, జడ కోసుకున్నది" అంది అమ్మ.

మన ఒళ్ళంతా కంటికి కనపడనంత చిన్న చిన్న కణాలట. పాతవి పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి, ఎన్ని కావాలో అన్ని వచ్చి ఆగిపోతాయి. అమ్మ రొమ్ములో కొన్ని మాత్రం ఆగకుండా పెరిగి గడ్డ కట్టాయి. దాని పేరు క్యాన్సర్ అని చెప్పింది. ఆ మాట మా ఇంట్లో గట్టిగా వినపడటం అదే మొదటిసారి.

మరి జుట్టెందుకు పోయిందని అడిగాను. అమ్మ నాయనమ్మ ఒడిలోని నూలు తీసి ముడులు చూపించింది.

"రంగు తాకొద్దన్న కాడ నాయనమ్మ కడ్తది. దవాఖానల ఎక్కించే మందు గూడ రంగు లెక్కనే బిడ్డా... ఒళ్ళంత పోతది. జల్ది జల్ది పెరిగేటియి దేన్నైనా పట్టుకుంటది. ఎంటికలు గూడ జల్ది పెరుగుతయి గద... వాటిని కట్టి దాచనీకి రాదు."

నేను తన్నినందుకు వచ్చిందా అని అడిగాను. తన్నితే రాదంది. ముట్టుకుంటే అంటదు కూడా అని చెబుతూ నాయనమ్మ వైపు చూసింది. ఆ సాయంత్రం నుంచి అమ్మ కంచం మా కంచాల్లో కలిసింది.

ఇక మిగిలింది ఒక్కటే... చచ్చిపోతావా అని అడిగేశాను.

"ఇప్పుడైతే మందు పనిచేస్తున్నదంటున్నరు. రేపటిది నాకు తెల్వదు. తెల్సిన్నాడు నీకే ముందు చెప్త."

నిజం చెప్తున్నా, నేను నమ్మలేదు. అన్ని అబద్ధాలు విన్నాక ఎట్లా నమ్ముతాను? ఆ తర్వాత కూడా చాలా రోజులు సంచులు వెతుకుతూనే ఉన్నాను.

అమ్మకు జుట్టు మళ్ళీ వచ్చింది... ఉంగరాలు తిరిగి, ముందటి కంటే ఒత్తుగా. అందరం నిజంగానే గుట్టకు పోయాం. లడ్డూలు దొరికాయి. ఏడేళ్ళు బాగుంది.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక రోజు అమ్మ ఒక్కతే పోయి రిపోర్టులు తెచ్చుకుంది. బాపు షాపు నుంచి ఇంకా రాలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకే ముందు చెప్తనన్న గద" అంది.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో మాది బాల్కనీ ఉన్న ఇల్లు. పిల్లలు ఏ జబ్బు పేరు విన్నా ఫోన్‌లో వెతికేస్తున్నారు... పెద్దవాళ్ళు మాత్రం ఇంకా బాల్కనీ తలుపు వేసుకునే మాట్లాడుతున్నారు. ఆ తలుపు పడిన ప్రతిసారీ నాకు అనుమానమే. పక్కన కూర్చోబెట్టుకుని పేరు పెట్టి చెప్పే అమ్మ ఇప్పుడు లేదు...

మీ ఇంట్లో ఆ జబ్బును ఏ పేరుతో దాచారు? మీకు మొదట నిజం చెప్పింది ఎవరు?